డాక్టరు చదువు అయింది... పరీక్ష మిగిలింది
వంద మార్కుల దగ్గరే విదేశీ ఎంబీబీఎస్‌లకు చుక్కెదురు

సత్తెనపల్లి: "మీవాడు డాక్టరై వచ్చి ఏడాదిన్నర దాటింది గదా, బోర్డు ఎప్పుడు కడతాడు?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక ఆ రైతు రచ్చబండ వైపు పోవడమే మానేశారు. ఎకరంన్నర పొలం అమ్మి, చాలనిదానికి బ్యాంకులో అప్పు చేసి కొడుకును కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌కు పంపారాయన. కొడుకు చదువు పూర్తి చేసుకుని పట్టాతో తిరిగి వచ్చాడు. కానీ ఆ పట్టాతో మన దేశంలో వైద్యం చేయడానికి వీల్లేదు. ముందు విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్ష నెగ్గాలి. ఎఫ్ఎంజీఈ అని పిలిచే ఈ పరీక్ష 2002 నుంచి ఉన్నదే. పల్లెల్లో మాత్రం చాలామంది తల్లిదండ్రులకు పిల్లలు తిరిగి వచ్చాక గాని దీని సంగతి తెలియడం లేదు.

పేర్లు రాయవద్దన్న షరతు మీద ఆ తండ్రీకొడుకులు ఈ విలేకరితో మాట్లాడారు.

మొదటిసారి ఆ యువకుడికి వచ్చిన మార్కులు 118. రెండోసారి 141. కావలసినవి 150. తొమ్మిది మార్కుల తేడాతో ఆరు నెలల కాలం పోయింది. ఇప్పుడు మూడోసారి రాయడానికి డిసెంబరు విడతకు సిద్ధమవుతున్నాడు.

పరీక్షలో మొత్తం 300 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి ఒక మార్కు. పొద్దున రెండున్నర గంటల్లో 150, విరామం తర్వాత మరో రెండున్నర గంటల్లో 150 కంప్యూటరు మీద రాయాలి. లెక్కన ప్రశ్నకు ఒక్క నిమిషం. తప్పు రాస్తే మార్కులు కోయరు. ఎన్నిసార్లు తప్పినా మళ్లీ రాయవచ్చు. వినడానికి సులువుగానే ఉంది. అయినా ఇటీవలి చాలా విడతల్లో నెగ్గినవారు నూటికి ముప్పై మందికి లోపే.

ఎక్కడ దెబ్బ తగులుతోందని అడిగితే ఆ యువకుడు ఒక నోటు పుస్తకం తీసి చూపించాడు. 300 మార్కుల్లో 200 జబ్బులకు, చికిత్సలకు సంబంధించినవి. మిగిలిన 100 మూల శాస్త్రాలవి. శరీర నిర్మాణం చెప్పే అనాటమీకి 17, శరీరం పనిచేసే తీరు చెప్పే ఫిజియాలజీకి 17, ఒంట్లోని రసాయనాల సంగతి చెప్పే బయోకెమిస్ట్రీకి 17. పాథాలజీ, మైక్రోబయాలజీ, మందుల శాస్త్రమైన ఫార్మకాలజీకి పదమూడేసి. పోలీసు కేసుల్లో పనికివచ్చే ఫోరెన్సిక్‌కు 10.

"మొదటి రెండుసార్లూ ఈ వందను గాలికొదిలేశాను. జనరల్ మెడిసిన్‌కు 33, సర్జరీకి 32, కాన్పులకు 30 ఉన్నాయి గదా, వాటితో గట్టెక్కుతాననుకున్నాను. నా లెక్క ప్రకారం ఈ వందలో ముప్పై కూడా దాటి ఉండవు. అలాంటప్పుడు మిగతా రెండు వందల్లో 120 తెచ్చుకోవాలి. ఎక్కడి నుంచి వస్తాయి?" అన్నాడతను.

మూల శాస్త్రాలు కాలేజీలో మొదటి రెండు మూడేళ్లలోనే అయిపోతాయి. పరీక్ష నాటికి అవి చదివి మూడు నాలుగేళ్లు గడిచిపోతాయి. పైగా తాను చదివినచోట తరగతిలో పాఠం ఇంగ్లీషులో చెప్పేవారు గాని, ఆసుపత్రికి పోతే రోగులు మాట్లాడేది రష్యన్, కిర్గిజ్ భాషల్లో. రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకోవలసింది సగం అర్థం కాకుండానే పోయిందని అతని బాధ. బయటి దేశాల కాలేజీలన్నీ ఇంతేనని రాయడం న్యాయం కాదు. అక్కడ చదివి మొదటిసారే నెగ్గినవారూ ఉన్నారు.

మరి ఏజెంట్లు? పంపేటప్పుడు ఈ పరీక్ష ఊసెత్తేవారు తక్కువ. ఎత్తినా "అదెంత, వచ్చాక రాసేస్తాడు" అనే మాటతో సరి.

పత్తి చేలో పాఠం

ఆ యువకుడి చదువు దారి మారింది ఏ కోచింగ్ సెంటరులోనో కాదు, సొంత ఊరి పొలంలో. పత్తి చేలో మధ్యాహ్నం ఎండలో మందు కొడుతున్న కూలీ ఒకాయన గట్టు మీద కూలబడిపోయాడు. నోటి వెంట చొంగ, కళ్ల వెంట నీళ్లు, ఒళ్లంతా చెమట. కండలు అదురుతున్నాయి. ఊపిరి తీస్తుంటే గరగర చప్పుడు. నలుగురూ కలిసి 'డాక్టరు బాబు' ఇంటికి పరుగెత్తారు.

అతను వెళ్లి బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగించి, పక్కకు తిప్పి పడుకోబెట్టించి 108కు ఫోను చేయించాడు. అంతకు మించి చేయలేదు. ఇంజక్షన్ ఇమ్మని ఊరివాళ్లు బతిమాలారు. రిజిస్ట్రేషన్ లేకుండా సూది పట్టడం నేరమని చెబితే కొందరు నొచ్చుకున్నారు. అదృష్టవశాత్తు ఆ కూలీ పెద్దాసుపత్రిలో కోలుకుని ఇంటికి చేరాడు.

"చట్టం సంగతి అటుంచండి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి విరుగుడు అట్రోపిన్ అని నాకు తెలుసు. ఎందుకు విరుగుడో, ఎంతవరకు ఇవ్వాలో, ఏది చూసి ఆపాలో చెప్పమంటే చెప్పలేను. పేరు బట్టీ పట్టాను, అంతే" అని అతను దాపరికం లేకుండా చెప్పాడు.

మర్నాడే అతను ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక డాక్టరు గారి దగ్గరకు వెళ్లాడు. ఆయన పుస్తకం తెరవకుండా సాగరు కాలువ కథ చెప్పారట. నరం కొసన ఒక రసాయనం విడుదలై కండకు, గ్రంథికి కబురు మోస్తుంది. దాని పేరు ఎసిటైల్‌కోలిన్. అది కాలువలో నీరు అనుకోండి. పని కాగానే ఆ నీటిని ఆపే లస్కరు ఒకడుండాలి గదా, ఆ లస్కరే కోలినెస్టరేజ్ అనే ఎంజైము. కొన్ని రకాల పురుగుమందులు ఆ లస్కరు చేతులు కట్టేస్తాయి. ఇక నీరు పొర్లడమే. చొంగ, చెమట, కన్నీరు, ఊపిరితిత్తుల్లో తెమడ అన్నీ ఆ పొర్లే నీరే. అట్రోపిన్ నీటిని తోడెయ్యదు, చేలోకి రాకుండా గట్టు వేస్తుంది. ప్రాలిడాక్సిమ్ అనే మరో మందు లస్కరు కట్లు విప్పుతుంది. ఆలస్యమైతే ఆ కట్లు బిగుసుకుపోయి ఊడి రావు. అట్రోపిన్ చాలిందని గుర్తు కంటిపాప పెద్దదవడం కాదు, గుండెల్లో గరగర పోవడం.

"ఈ ఒక్క రోగిలో నాకు నాలుగు సబ్జెక్టులు కనిపించాయి. కబురు ఫిజియాలజీ, ఎంజైము బయోకెమిస్ట్రీ, విరుగుడు ఫార్మకాలజీ, నోటి దగ్గర వెల్లుల్లి లాంటి వాసన ఫోరెన్సిక్. రెండేళ్లు నాలుగు పుస్తకాల్లో వేర్వేరుగా బట్టీ పట్టిన సంగతి ఒక్క గట్టు మీద పడి ఉంది" అంటాడతను.

అప్పటి నుంచి అతను చదివే పద్ధతి ఇదే. ఊళ్లో చూసిన జబ్బునో, ప్రమాదాన్నో ముందు పెట్టుకోవడం, దాని వెనక ఉన్న శాస్త్రాన్ని వెతుక్కోవడం. పాముకాటు తీసుకోండి. కట్లపాము కరిస్తే కనురెప్పలు వాలిపోతాయి, దాని విషం నరం కండతో కలిసేచోట పట్టుకుంటుంది గనుక. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే ఏర్పాటును చెడగొడుతుంది. అందుకే ఆసుపత్రిలో శుభ్రమైన గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డ కట్టిందా లేదా అని చూస్తారు. గడ్డకట్టే వరుస అంతా ఫిజియాలజీలోదే. ఆ వరుస పుస్తకంలో అంకెల పట్టికలా ఉంటే వారం రోజులకు మరిచిపోయేవాణ్నని, రక్తపింజరతో ముడిపెట్టాక మరుపు రాలేదని అతని మాట.

బయోకెమిస్ట్రీ అంటే అతనికి మొదటి నుంచీ గుబులే. ఆ పుస్తకాల్లో మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తగిలిందట. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అమెరికా వెళ్లి, ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ సంగతి 1927లో బయటపెట్టారు. అంతటివాడూ మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. ఈ ముచ్చట తల్లికి చెబితే "అయితే నీకూ మూడోదే కలిసొస్తుందిలేరా" అన్నదట ఆమె.

ఇక దినచర్య. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అనాటమీ, ఫిజియాలజీ. పగలు మిగతా సబ్జెక్టులు. చీకటి పడ్డాక ప్రశ్నలు, పక్కన గడియారం. తప్పు రాసిన ప్రశ్నలకు విడిగా ఒక పుస్తకం పెట్టాడు. అది ఇప్పటికి మూడోది. రెండు వందల పేజీల నోటు పుస్తకాలు రెండు తప్పులతోనే నిండిపోయాయి. ఆదివారం మాత్రం ఇలాగే బయటి దేశాల్లో చదివి వచ్చిన మరో ఇద్దరు కుర్రవాళ్లు వస్తారు. ముగ్గురూ కలిసి అసలు పరీక్ష లాగే రెండు పూటలా మూడు వందల ప్రశ్నలు రాస్తారు. ఫోన్లు మూడూ తల్లి దగ్గర, వంటింటి గూట్లో ఉంటాయి.

నెగ్గినా వెంటనే బోర్డు కట్టడానికి లేదు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా పేరు నమోదు చేయించుకుని ఇక్కడి ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇప్పుడు పిల్లలను పంపాలనుకునే తల్లిదండ్రులు ఇంకొన్ని సంగతులు తెలుసుకోవాలి. 2021 నవంబరు 18న వచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, బోధన ఇంగ్లీషులో ఉండాలి. చదివిన కాలేజీలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇక్కడికి వచ్చాక మరో 12 నెలలు చేయాలి. చేరిన నాటి నుంచి పదేళ్లలో ఇదంతా ముగియాలి. అసలు వెళ్లడానికే నీట్‌లో అర్హత ఉండాలి. ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చేముందు ఈ షరతులన్నీ ఆ కాలేజీలో కుదురుతాయో లేదో కాగితం మీద అడగడం మంచిది. నోటి మాటకు తర్వాత పూచీపడేవాడు ఉండడు.

తండ్రి మాత్రం కొడుకును ఇప్పుడేమీ అడగడం లేదు. మొదట్లో "పక్క ఊరివాడు నెగ్గాడు, నీకేమయింది" అని గట్టిగానే అన్నారట. రెండోసారి ఫలితం వచ్చిన రోజు కుర్రవాడు పొద్దుపోయేదాకా ఇంటికి రాకపోతే చేలన్నీ వెతుక్కుంటూ తిరిగారు. మోటారు షెడ్డు దగ్గర కూర్చుని ఉన్నాడు. "ఆ రోజు నుంచి నోరు కట్టేసుకున్నానండీ. అప్పు సంగతి నేను చూసుకుంటాను, చదువు సంగతి వాడు చూసుకుంటాడు" అన్నారాయన.

ఈ విలేకరి వెళ్లింది సోమవారం. ముందురోజు రాసుకున్న నమూనా పరీక్షలో అతనికి 158 వచ్చాయి. అభినందించబోతే నోటు పుస్తకం ముందుకు తోశాడు. అనాటమీలో పదిహేడుకు ఆరే.

"చేతి నరాలు మళ్లీ తప్పాను. మొదటి నుంచి చదవాలండీ" అంటూ పుస్తకం తీశాడు.