పెరటి కోళ్ల రొంపయు, వంటింటి మందులును

మంచు దిగిన వారము దినములకే మన సంఘ సభ్యుల యిండ్లనుండి మాకు వచ్చు ప్రశ్న యొక్కటే. “కోళ్లు తుమ్ముచున్నవి, గొంతులో గుఱక వినవచ్చుచున్నది. ఇంటిలో చేసికొనదగిన మందేదైన కలదా?” ఈ ప్రశ్నకు కలదనియు, లేదనియు రెండు విధముల ప్రత్యుత్తరము చెప్పవలసి యున్నది. ఏ కోడికి కలదో, ఏ కోడికి లేదో తెలియక ఇచ్చు మందు వలన ఒక్కొకప్పుడు పెరడంతయు పాడగుచున్నది.

పెరటి కోడి ఇంటి యజమానుని లెక్కలోనికి రాదు. ఎద్దునకు జబ్బు చేసినచో ఊరెల్ల కూడును. కోడి చచ్చినచో “పోయినదా” యని ఊరకుందురు. కాని ఆ యింటి ఇల్లాలిని అడిగి చూడుడు. నూనెకు, ఉప్పుకు, పిల్లల పుస్తకములకు గ్రుడ్లమ్మిన డబ్బే ఆధారము. సంఘపు అప్పులో ఒక వాయిదాను పుంజులనమ్మి తీర్చిన స్త్రీలను మేమెఱుగుదుము. పది పెట్టలు నాలుగు దినములలో పోయిన యింట ఆ సంవత్సరము జరుగు ఇబ్బందిని పంట నష్టముల పట్టికలో ఎవరును వ్రాయరు.

మందుల మాట చెప్పుటకు ముందు కోడి ఊపిరిని గూర్చి కొంచెము తెలిసికొనవలయును. దాని ఊపిరితిత్తులు మనవానివలె ఉబ్బుచు తగ్గుచు నుండవు. అవి వెన్నువైపు ప్రక్కటెముకలకు అంటుకొని యుండును. వానికి తోడు పలుచని గాలితిత్తులు తొమ్మిది కలవు. అవి మెడ మొదలు కడుపు వఱకు వ్యాపించి, కొన్ని యెముకల లోపలికి గూడ చొచ్చి యుండును. కావున మనకు ముక్కులోనే నిలిచి నాలుగు దినములకు తగ్గునట్టి రొంప, కోడికి దేహమెల్ల ప్రాకుటకు వీలున్నది.

మఱియొక విశేషము. మనము మ్రింగునప్పుడు శ్వాసనాళముపై మూసికొను మూత యొకటి కలదు. కోడికి అది లేదు. నాలుక మొదట సన్నని చీలికవలె కనబడునదే దాని శ్వాసద్వారము. మన గ్రామములలో కోడిని తొడల నడుమ నొక్కిపట్టి, నోరు తెఱచి, కషాయమును గ్రుమ్మరించు ఆచారము చిరకాలము నుండి యున్నది. ఆ కషాయము తిన్నగా ఊపిరితిత్తులలోనికి పోవును. మందు పోసిన గడియలోపలనే తన్నుకొని ప్రాణము విడిచిన కోళ్లను మేము పలుమారులు చూచితిమి. రోగము ముదిరి చచ్చినదని ఆ యింటివారు చెప్పుకొందురు. కాని దానిని చంపినది కషాయమే. ఏ మందైనను మేతలో కలిపియో, నీటిలో కలిపియో, లేదా నూకల ముద్దలో శనగగింజంత ఉండగా చేసి ముక్కు ప్రక్కనుండి పెట్టియో ఇయ్యవలయును.

ఇక రోగము. తుమ్మిన ప్రతి కోడికిని మందు కావలసిన పనిలేదు. ముందుగా గూటిని చూడవలయును. చలికని మనవారు గంపపై గోనెపట్ట కప్పి, గూటి సందులన్నిటిని పాతగుడ్డలతో కుక్కి, లోపల ఇరువది కోళ్లను మూసెదరు. క్రింద రెట్ట తడిసి కుళ్లి అమ్మోనియా అను ఘాటైన వాయువు పుట్టును. అది కోడి కండ్లను, శ్వాసనాళపు లోపొరను కాల్చివైచును. దుమ్మును, క్రిములను వెలుపలికి నెట్టు సన్నని నూగు ఆ పొరపై నున్నది. అది నశించిన పిమ్మట ఏ క్రిమికైనను ద్వారము తెఱచినట్లే. తెల్లవాఱుజామున తలుపు తీసి, మన ముఖమును కోళ్ల యెత్తునకు వంచి ఒక్క ఊపిరి పీల్చి చూడుడు. మీ కండ్లు మండినచో రాత్రియంతయు అవి అనుభవించినదేమో తెలియును. అట్టి గూటిలో తుమ్ములకు మందు చీపురును, ఎండిన ఊకయునే. గాలి కోళ్ల తలలకు పైగా వచ్చి పోవలయును గాని వాని ఒంటికి నేరుగా కొట్టరాదు. బూజు పట్టిన గడ్డి పఱచిన గూటిలో పిల్లలు గుఱక లేకుండనే నోరు తెఱచి రొప్పుచు చచ్చుట కలదు. ఆ బూజే వాని ఊపిరితిత్తులలో మొలచును. దానికి వంటింటిలో మందు లేదు. గడ్డి మార్చుటయే కర్తవ్యము.

మఱికొన్ని కోళ్లకు కండ్లు అంటుకొని, ముక్కు కాఱుచు, నోరు తెఱచి చూచినచో గొంతులో తెల్లని చిన్న పొక్కులు కనబడును. ఇది యొక్కొకప్పుడు అంటురోగము కాదు, పచ్చని మేత లేమి. ఎండకాలమున ఉత్త నూకలు మాత్రమే తిను కోళ్లలో విటమిను ‘ఏ’ తక్కువైనప్పుడు ఇట్లగును. మునగాకు, తోటకూర సన్నగా తఱిగి దినమునకు పిడికెడు చొప్పున వేసినచో ముదరని కోళ్లు కోలుకొనును. పెరటి వైద్యమున దీనికి మించిన మందు మాకు కనబడలేదు. ఆకును ఇచ్చుటకు డబ్బు కర్చు లేదు గనుకనే కాబోలు, దీనిని మందని ఎవరును నమ్మరు!

ఇక వెల్లుల్లి, అల్లము, పసుపు, తులసి. వీనిని మేము కాదనము. వెల్లుల్లి నలిగినప్పుడు పుట్టు ఘాటైన పదార్థము గాజుగిన్నెలోని క్రిములను చంపునని శాస్త్రజ్ఞులు చూపియున్నారు. కాని గాజుగిన్నె వేఱు, బ్రదికిన కోడి వేఱు. ఈ దినుసుల వలన నిజముగా కలుగు లాభమేమనగా, మేత విడిచిన కోడి మరల మేతకు ముక్కు వంచును. సాధారణపు రొంపలో అంతమాత్రము చాలును. పది పెద్ద కోళ్లకు వెల్లుల్లి నాలుగు రెబ్బలు, చిటికెనవ్రేలి కొసంత అల్లము, రెండు చిటికెల పసుపు, గుప్పెడు తులసి ఆకు కలిపి నూఱి, తడిపిన తవుడులో పిసికి ఉదయమున పెట్టవలయును. ఐదు దినములకు మించి పెట్టనక్కఱలేదు. ఎక్కువ పెట్టినచో ఎక్కువ గుణము చేయునని తలంపరాదు. కండ్లు, ముక్కు అంటుకొన్న కోడికి లీటరు నీటిలో రెండు చిన్న చెంచాలకు తక్కువగా ఉప్పు వేసి కాచి, గోరువెచ్చనైన పిమ్మట ఆ నీటితో తడిపిన మెత్తని గుడ్డతో తుడువవలయును. ఈ ఉప్పునీరు తుడుచుటకే గాని త్రాగించుటకు కాదు. ఉప్పు కోళ్లకు విషము వంటిది. కోడిని వేఱు చేసి, వెచ్చనిచోట నుంచి, మంచినీరు ఎల్లప్పుడును అందునట్లు చేయుట పై దినుసులన్నిటికంటె ముఖ్యము.

కిరసనాయిలు చుక్కలు, పొగాకు కషాయము, ముద్దకర్పూరము, తలపై వాత, గొంతులో ఈక త్రిప్పుట మాత్రము మానవలయును. మనుష్యుల మాత్రలను పొడిచేసి నీటిలో కలుపు అలవాటు ఈ కాలమున హెచ్చినది. కొలత తెలియని ఆ మందు రోగమును తగ్గింపదు, గ్రుడ్డులోనికి దిగి మన పిల్లల కడుపులోనికి పోవును. కోళ్లకు కోలిస్టిన్ అను మందును వాడుటను భారత ప్రభుత్వము 2019లో నిషేధించుటకు కారణము గూడ ఇట్టిదే. మనుష్యులకు కడపటి ఆధారమైన మందు పనికిరాకుండ పోవునను భయముచేతనే దానిని నిషేధించిరి.

ముఖము ఒకవైపు వాచి, ముక్కునుండి దుర్గంధముతో చీమిడి కాఱినచో అది క్రిమివలన కలుగు అంటురొంప. వారముల తరబడి గుఱక విడువక, పెట్ట చిక్కి, గ్రుడ్లు తగ్గినచో అది మైకోప్లాస్మా యను క్రిమి పని కావచ్చును. ఇది తల్లినుండి గ్రుడ్డు ద్వారమున పిల్లకు గూడ సంక్రమించును. ఈ రెంటికిని పశువైద్యుని మందు వలయును. తులసితో దినములు గడపరాదు.

అన్నిటికంటె భయంకరమైనది కొక్కెర తెగులు. మొదట రొప్పు, తుమ్ము. ఇంతవఱకు రొంపవలెనే యుండును. పిమ్మట ఆకుపచ్చని విరేచనములు, రెక్కలు వ్రేలాడుట, కాళ్లు పడిపోవుట, మెడ మెలితిరుగుట. ఇది 1926లో జావా ద్వీపమునను, ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునొద్దను గుఱుతింపబడెను. మన దేశమున మరుసటి సంవత్సరము కుమావూఁ కొండలలోని రాణీఖేత్‌లో కనబడుటచే దానికి రాణీఖేత్ వ్యాధియను పేరు వచ్చినది. ఇది వైరసు వలన కలుగునది. దీనిని కుదుర్చు మందు నేటికిని లేదు. వెల్లుల్లి లేదు, వేప లేదు, సూదిమందును లేదు.

“మా మిరియాల ముద్దతో మెడ తిరిగిన పుంజు బ్రదికినది గదా” యని కొందఱు మాతో వాదింతురు. ఊరిలో తెగులు తగిలిన కోళ్లలో కొన్ని వానియంతట అవే బ్రదుకును. వానికి ముద్ద పెట్టియుండుటచే ముద్దకు కీర్తి వచ్చును. అదే ముద్దను తిని చచ్చిన తొమ్మిదింటిని ఎవరును లెక్కింపరు. సాధారణపు రొంప విషయమునను ఇట్లే. దానంతట అది తగ్గిన రోగమునకు మన మందు పేరు సంపాదించుకొనును. ఈ పేరే తరువాత కొక్కెర తెగులు వచ్చినప్పుడు ఇంటివారిని మోసపుచ్చి, టీకా వేయించు అవకాశమును పోగొట్టుచున్నది.

కొక్కెర తెగులునకు మందు ముందుగానే వేయవలయును. రాణీఖేత్‌కు చేరువనున్న ముక్తేశ్వరమున 1893 నుండి పశువ్యాధి పరిశోధనాలయ మొకటి కలదు. 1940 ప్రాంతముల అచ్చటి శాస్త్రజ్ఞులు ఈ వైరసును కోడిగ్రుడ్లలో పెంచి తీవ్రత తగ్గించి టీకాగా మలచిరి. దానినే నేడు ఆర్ టు బి యందురు. పిల్లలకు ఐదు మొదలు ఏడు దినముల లోపల ఎఫ్ లేక లసోటా టీకా కంటిలోగాని ముక్కులోగాని ఒక్క చుక్క వేయవలయును. ఎనిమిది వారములు నిండిన పిమ్మట ఆర్ టు బి టీకాను రెక్క క్రింద చర్మములో అర మిల్లీలీటరు ఎక్కింపవలయును. ఇది ముదురు టీకా గనుక చిన్న పిల్లలకు వేయరాదు. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనాలయమువారి వనరాజా, గ్రామప్రియ కోళ్లకైనను, మన నాటు కోళ్లకైనను ఇది సమానమే.

ఇందు మన సంఘమునకు పని కలదు. ఈ టీకా బుడ్డి సామాన్యముగా నూఱు కోళ్లకు తక్కువగా దొరకదు. కలిపిన పిమ్మట రెండు గంటలలో ముగింపవలయును. పది కోళ్లున్న ఇల్లాలు నూఱు కోళ్ల బుడ్డి ఏల కొనును? కొనకపోవుటలో ఆమె తప్పు లేదు. పది యిండ్లవారు సంఘము ద్వారమున ఒక దినము నిర్ణయించుకొన్నచో బుడ్డి యొకటి చాలును, కర్చు పది పాళ్లగును. టీకాను మంచుతో నింపిన ఫ్లాస్కులో తేవలయును. చొక్కా జేబులో తెచ్చిన టీకా ఉత్త నీరే. కోళ్లు గూటికి చేరిన సంజవేళ వేసినచో వాని వెంట పరుగెత్తు శ్రమ తప్పును. అప్పటికే తుమ్ముచున్న కోళ్లకు వేయరాదు.

తెగులు ఇంటికి వచ్చు త్రోవలు రెండు మూడే. సంతలో చవుకగా దొరకిన పెట్ట, పొరుగూరి చుట్టము తెచ్చిన పిల్ల, సంక్రాంతికి పందెపు బరికి పోయి వచ్చిన పుంజు. పందెము చట్టవిరుద్ధమని వేఱుగ చెప్పనక్కఱలేదు. చట్టముమాట అటుంచినను, పదియూళ్ల పుంజులు ఒకదానిపై నొకటి ఊపిరి విడిచిన చోటినుండి వచ్చినదానిని ఆ రాత్రియే పెట్టలతో మూయుట యెట్టి తెలివి? క్రొత్త కోడిని రెండు వారములు వేఱుగ కట్టి చూడవలయును. మేత మంచి కోళ్లకు ముందు, జబ్బు కోళ్లకు వెనుక వేయవలయును. జబ్బు పడినదానిని తొందరపడి సంతకు తోలువారు పొరుగు ఊరి పెరళ్లకు చేయు అపకారము చిన్నది కాదు.

కోళ్లు ఒక్కుమ్మడిగా చచ్చుచు, జుట్టు నీలమెక్కి, తల వాచినచో అది పక్షి జ్వరము గూడ కావచ్చును. కంటితో చూచి కొక్కెర తెగులునుండి దీనిని వేఱుచేయుట ఎవరికిని సాధ్యము కాదు. ఇది మన దేశమున 2006లో మహారాష్ట్రమునందలి నవాపూరులో మొదట బయటపడెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని కోళ్లకు వచ్చెను. ఆ సంవత్సరమే పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ దీనివలన మరణించినది. కావున అట్టి చావులు కనబడిన దినముననే పశువుల ఆసుపత్రికి గాని, 1962 సంఖ్యకు గాని తెలుపవలయును. చచ్చినవానిని, చావనున్నవానిని కోసి వండరాదు, కుక్కలకు వేయరాదు, కాలువలో పడవేయరాదు. మోకాటిలోతునకు మించిన గోతిలో సున్నము చల్లి పూడ్చి, చేతులు సబ్బుతో కడుగవలయును. గూటిని కడిగి, ఎండబెట్టి, సున్నము పూసి, నెల దినములు ఖాళీగ నుంచిన పిమ్మటనే క్రొత్త పిల్లలను తెచ్చుకొనవలయును.