మంచం కడ్డీకి రాగి తొడుగు

మే నెల వచ్చిందంటే వార్తల్లో రెంటచింతల పేరు మోగాల్సిందే. పల్నాడు ఎండ తీరే వేరు: ఒళ్లు మాడ్చే వేడి, గాలిలో తేమ నామమాత్రం. ఆస్పత్రి మంచాలకు ఏ లోహం వాడాలో తేల్చడంలో ఈ పొడిగాలి పాత్ర కూడా ఉంది.

వైద్యానికని వెళ్లి అక్కడే కొత్త జబ్బు అంటించుకోవడం అరుదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం, పేద, మధ్య ఆదాయ దేశాల్లో ఆస్పత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 15 మందికి కనీసం ఒక ఇన్ఫెక్షన్ అక్కడే సోకుతోంది. మంచం కడ్డీ పట్టుకున్న చెయ్యే సెలైన్ స్టాండు జరుపుతుంది, అదే చెయ్యి తలుపు గడియా తీస్తుంది. స్టీలు ఎంత మెరిసినా దానిమీద పడ్డ క్రిములు రోజుల తరబడి బతకగలవు.

ఈ సంగతి 1983లోనే అమెరికాలోని ఈరీ పట్టణంలో బయటపడింది. హామట్ వైద్యకేంద్రంలో పరిశోధకురాలు ఫిలిస్ కున్ తన విద్యార్థుల చేత తలుపు పిడుల మీది క్రిములను సేకరింపజేశారు. ఇత్తడి పిడుల మీద క్రిములు బహు తక్కువ, నిగనిగలాడే స్టీలు పిడుల మీద దట్టంగా ఉన్నాయి. ఆ ఇత్తడిలో దాదాపు మూడింట రెండొంతులు రాగి. రాగి నుంచి వెలువడే అయాన్లు క్రిమి పైపొరను చిల్లులు చేసి, లోపలి డీఎన్ఏను ఛిద్రం చేస్తాయి.

2013లో వెలువడిన మరో అధ్యయనం మూడు అమెరికా ఆస్పత్రుల ఐసీయూల్లో జరిగింది. మంచం కడ్డీలు, సెలైన్ స్టాండ్లు, కుర్చీ చేతులు, నర్సును పిలిచే బటన్ వంటివి రాగితో చేయించారు. మామూలు గదుల్లో 8.1 శాతం మందికి ఇన్ఫెక్షన్ సోకితే, రాగి గదుల్లో 3.4 శాతం మందికే సోకింది. అయితే చూసింది 614 మంది రోగులనే. దీంతోనే తుది తీర్పు చెప్పేయడం తొందరపాటు.

మరి క్రిములను చంపుతాయనే వెండి పూతల మాటేమిటి? 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో మందులకు లొంగని స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా మీద వెండినీ రాగినీ పరీక్షించారు. తేమ 90 శాతం దాటినప్పుడు వెండి పూత బాగానే పనిచేసింది. తేమ 20 శాతం దరిదాపులకు పడిపోగానే దాదాపు చేతులెత్తేసింది. రాగి మిశ్రమ లోహాలు రెండు పరిస్థితుల్లోనూ క్రిములను చంపాయి. రెంటచింతల వేసవికి ఏది నప్పుతుందో వేరే చెప్పాలా!

తెలుగునాట ఈ దిశగా పని జరగకపోలేదు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, మరో పరిశోధన సంస్థ సీసీఎంబీతో కలిసి కోవిడ్ కాలంలో రాగి నానోకణాల పూత ఉన్న మాస్కును రూపొందించింది. ఇక రాగి ఖనిజమంటారా, పల్నాడులోనే వినుకొండ దగ్గరి అగ్నిగుండాల ప్రాంతంలో ఉంది.

ఆస్పత్రి అంతా రాగిమయం చేయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే చేతులు ఎక్కువగా తగిలే కడ్డీలు, గడియలు, కుళాయి పిడులతో మొదలుపెడితే చాలు. వాటికి మెరుపు కోసం వార్నిష్ వేయించకూడదు. వేస్తే రాగి క్రిమికి తగలనే తగలదు. జిడ్డు పేరుకున్నా అంతే. కాబట్టి రాగి బిగించినా తుడుపూ, సబ్బుతో చేతులు కడుక్కోవడమూ మానకండి.