మీకు తెలుసా? వాడరేవు తీరాన్ని తలచుకున్నా తుమ్ములు తగ్గొచ్చు!

మిరప కోతలప్పుడు గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కల్లాలన్నీ ఎర్రగా ఉంటాయి. కాయలు బస్తాలకెత్తుతుంటే ఘాటు లేచి ముక్కూ గొంతూ మండుతాయి. అది చాలావరకు అలర్జీ కాదు, మిరపలోని క్యాప్సైసిన్ పెట్టే మంట. ముక్కుకు అడ్డంగా తువ్వాలు కట్టుకోవాల్సిందే.

గట్ల మీది వయ్యారిభామ పుప్పొడి సంగతి వేరు. అది పడనివాళ్ల ఒంట్లో హిస్టమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. ఇక తుమ్ము మీద తుమ్ము, కళ్లలో దురద.

ఇందులో మనసుకూ వాటా ఉంది. గులాబీ పడని ఒకావిడ ముందు అమెరికా వైద్యుడు జాన్ మెకెంజీ కృత్రిమ గులాబీ పెడితే, ఆమెకు నిజంగానే ముక్కు కారింది! ఆయన ఈ సంగతి రాసింది 1886లో.

మనసు రప్పించినదాన్ని మనసే తగ్గించగలదా? స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వైద్యులు పుప్పొడి బాధితులతో స్వీయ సమ్మోహనం (సెల్ఫ్ హిప్నాసిస్) చేయించి చూశారు. అలర్జీ బాధించని చోటును మనసులో నిలుపుకోవడం అందులో కీలకం. బాధ తగ్గిందని చాలామంది చెప్పారు. ఫలితాలు 2005లో అచ్చయ్యాయి.

మనకు అలాంటి చోటు చీరాల పక్కనే ఉంది. కళ్లు మూసుకోండి. వాడరేవు ఇసుకలో తడి పాదాలు, ఒడ్డుకు లాగిన పడవలు, ముఖానికి తగిలే ఉప్పుగాలి. అల వెనక్కి జారినంత నిదానంగా ఊపిరి వదలండి. రోజూ కాసేపు ఇలా చేసి చూడండి.

మందులు మాత్రం మానొద్దు. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే ఊహలు పక్కనపెట్టి, వెంటనే ఇన్‌హేలర్ అందుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.