ఎయిర్‌సాఫ్ట్ తుపాకి: సంరక్షణ శాస్త్రం

మందుగుండు లేకుండా, కేవలం వాయుపీడనంతో సాధారణంగా 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళికలను ప్రయోగించే క్రీడాసాధనమే ఎయిర్‌సాఫ్ట్ తుపాకి. అసలైన తుపాకులపై కఠిన నియంత్రణ గల జపాన్‌లో 1970వ దశకంలో ఇది రూపుదిద్దుకుంది. గుళిక గతిజశక్తికి 2006లో ఆ దేశం సుమారు 0.98 జౌళ్ల పరిమితి విధించింది. 0.2 గ్రాముల గుళికకు ఈ లెక్కను అన్వయిస్తే వేగం సెకనుకు దాదాపు 99 మీటర్లు. కన్ను పోవడానికి అది చాలు.

పీడనం జనించే తీరును బట్టి ఇవి మూడు రకాలు: చేతితో స్ప్రింగును లాగేవి, ద్రవీకృత వాయువుతో పనిచేసేవి, విద్యుత్తుతో నడిచేవి. చివరి రకంలో మోటారు పళ్లచక్రాల ద్వారా ముషలకాన్ని (పిస్టన్‌ను) వెనక్కి లాగుతుంది. స్ప్రింగు దాన్ని ముందుకు నెట్టినప్పుడు స్తూపకంలోని గాలి సంపీడనం చెంది గుళికను తోస్తుంది.

అయితే గురికి ప్రాణం మరొక చోట ఉంది. నాళం మొదట అమర్చిన చిన్న రబ్బరు గొట్టంలోని ఉబ్బు గుళిక పైభాగాన్ని ఒరుసుకొని దానికి వెనుకవైపు భ్రమణం కలిగిస్తుంది. ఈ అమరికను హాప్-అప్ అంటారు. తిరుగుతూ సాగే గోళంపై గాలి కలిగించే ఊర్ధ్వబలం, అనగా మాగ్నస్ ప్రభావం, గురుత్వాకర్షణను కొంత ఎదుర్కొని గుళికను దూరం చేరుస్తుంది. ఇదంతా ఘర్షణ మీద ఆధారపడిన పని. అక్కడ నూనె చేరితే రబ్బరు జారుతుంది, భ్రమణం సమంగా ఉండదు, గుళికలు తలో దిక్కుకు పోతాయి. కుట్టుమిషనుకు వేసినట్లు ధారాళంగా నూనె వేయడమే ఈ సాధనానికి జరిగే పెద్ద అపచారమని నా నిశ్చితాభిప్రాయం. ఖనిజతైలాలు అనేక రకాల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. కనుక వాయువును బంధించే రబ్బరు వలయాలకు సిలికోన్ నూనె ఒకటి రెండు చుక్కలే వాడాలి, హాప్-అప్‌కు అదీ తగదు.

నాళాన్ని శుభ్రపరిచే ముందు హాప్-అప్‌ను పూర్తిగా సడలించి, పుల్లకు చుట్టిన మెత్తని నూలుగుడ్డను దానికి మరక అంటకుండా వచ్చేవరకు పలుమార్లు నడపాలి. గుళిక వ్యాసం సుమారు 5.95, నాళం లోపలి వ్యాసం తరచుగా 6.08 మిల్లీమీటర్లు, ఆ సన్నని సందులో ఇసుకరేణువు చిక్కినా గీత పడుతుంది. అందుకే నేలరాలిన గుళికలను ఏరి మళ్లీ వాడరాదు.

భద్రపరిచేటప్పుడు స్ప్రింగును బిగిసిన స్థితిలో వదలకూడదు. లిథియం పాలిమర్ బ్యాటరీని తుపాకి నుండి వేరుచేసి, ఒక్కో ఘటానికి సుమారు 3.8 వోల్టుల వద్ద ఉంచాలి. 3 వోల్టుల కంటె దిగువకు పడితే ఘటం దెబ్బతింటుంది. వాయు రకపు తుపాకి మ్యాగజైనులో, అనగా గుళికలు నింపే పెట్టెలో, కొద్దిపాటి వాయువు మిగిల్చి, ఎండ తగలని చోట ఉంచితే రబ్బరు వలయాలు తమ స్థానంలో నిలుస్తాయి.

ఏ పనికైనా ముందు రక్షణ కళ్లద్దాలు ధరించండి. మ్యాగజైను తీసిన తరువాత కూడా నాళంలో ఒక గుళిక మిగిలి ఉండవచ్చు.