చిన్న డబ్బాలో గేమింగ్

గేమింగ్ పీసీ అంటే టేబుల్ కింద సగం చోటు తినేసే క్యాబినెట్టే అనుకుంటారు. నాకు చిన్నవే ఇష్టం. తైవాన్ కంపెనీ వయా 2001లో తెచ్చిన మినీ-ఐటీఎక్స్ బోర్డు 17 సెంటీమీటర్ల చదరం, అంతే. చిక్కల్లా గ్రాఫిక్స్ కార్డుతోనే: బోర్డు మీద నిటారుగా నిలబడి చోటంతా ఆక్రమిస్తుంది.

ఆ చిక్కు తప్పించడానికి ఆస్‌రాక్ కంపెనీ డెస్క్‌మినీ జీటీఎక్స్ అనే తన బుల్లి పీసీలో ల్యాప్‌టాప్ తరహా ఎంఎక్స్‌ఎం గ్రాఫిక్స్ కార్డు పెట్టింది. వెడల్పు 82 మిల్లీమీటర్లు. స్లాటులోకి ఏటవాలుగా దూర్చి, పడుకోబెట్టి, స్క్రూలు బిగించాలి. కరెంటూ స్లాటు నుంచే వస్తుంది. హీట్‌సింక్ మాత్రం విడిగా బిగించాలి. చిప్‌కీ దానికీ మధ్యలో థర్మల్ పేస్టు పల్చగా రాయాలి, వెన్నలా పూసేయకండి.

తర్వాత కార్డు మార్చుకోవచ్చన్నది కాగితం మీద బాగానే ఉంటుంది. స్క్రూ రంధ్రాలు కలవాలి, బయోస్ ఒప్పుకోవాలి, ముందసలు ఆ కార్డు దొరకాలి. నేనైతే ఐటీఎక్స్ బోర్డుకు పొట్టి మామూలు కార్డే తగిలిస్తాను.