ఇంటి వీడియో డిస్కుల మార్పిడి – నడుమ ఆగిపోవుటకు కారణములు

పెండ్లి, బిడ్డ మొదటి పుట్టినరోజు, కళాశాల వార్షికోత్సవము – 2000 తరువాతి దశాబ్దములో ఇట్టి వేడుకలను స్టూడియోలవారు డీవీడీలపై వ్రాసి ఇచ్చెడివారు. నేడు కొత్త ల్యాప్‌టాప్‌లలో పెక్కింటికి డిస్కు పెట్టు అరయే లేదు. డిస్కు మాత్రము బీరువాలో శిథిలమగుచున్నది. ఇట్లు వ్రాసిన డిస్కులో దృశ్యము నిలుచునది ఒక పలుచని రంగు పొరపై. వేడిమికి, వెలుతురునకు ఆ రంగు క్రమముగా చెడును. కనుక దానిని ఎంపీ4 వంటి రూపమునకు మార్చుకొనుట మంచిదని అందరును ఎరుగుదురు. చిక్కంతయు మార్పిడి ప్రోగ్రాము నడుమనే ఆగిపోవుటలో నున్నది.

మాకును అదియే జరిగినది. వెనుకటి వార్షికోత్సవపు డిస్కు ఒకటి గ్రంథాలయములో దొరికినది. అందు ముషాయిరాలో గజల్ చదివిన ఉర్దూ అధ్యాపకులు ఇప్పుడు లేరు. ఆ భాగము కావలెనని వారి కుటుంబమువారు అడిగిరి. హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత ప్రోగ్రాముతో మార్పిడి మొదలుపెట్టితిమి. 62 శాతము వద్ద ఆగినది. మరల ప్రయత్నించితిమి, మరల 62. సాఫ్ట్‌వేరును నిందించి వేరొకటి తెచ్చితిమి. అదియు ఇంచుమించు అచ్చటనే మూర్ఛపోయినది. రెండు దినములు వ్యర్థమైన పిదప గాని మాకు తోచలేదు: రెండు వేర్వేరు బండ్లు ఒకే చోట కూలబడినచో తప్పు బండిది కాదు, దారిలోని గోతిది.

కావున మొదట గమనింపవలసినది ఏ చోట ఆగినదనునదే. ప్రతిసారియు ఒకే చోట ఆగినచో డిస్కుపై గీతయో, మరకయో, చెడిన రంగో కారణమని తలపవచ్చును. ఒకసారి 20 వద్ద, ఇంకొకసారి 75 వద్ద ఆగినచో కంప్యూటరు వైపు చూడవలెను. వీడియో మార్పిడి ప్రాసెసరుచే ఎడతెగక పని చేయించును. దుమ్ము పట్టిన ల్యాప్‌టాప్‌ను వేసవిలో పరుపుపై పెట్టి నడిపినచో అది వేడెక్కి తనంత తానే ఆరిపోవును. యూఎస్‌బీ డ్రైవునకు విద్యుత్తు చాలకున్నను నడుమ సంబంధము తెగును. హబ్బును తీసివేసి కంప్యూటరునకే సూటిగా తగిలింపవలెను. ఇక ఫైలు 4 జీబీ కాబోవు తరుణమున ఆగినదా, అది రోగమే కాదు: ఎఫ్‌ఏటీ32 పద్ధతి గల పెన్ డ్రైవుపై అంతటి ఫైలు పట్టదు.

అసలు మొదలే కాకపోవుట మరొకటి. రికార్డరుతో వ్రాసిన డిస్కును చివర ఫైనలైజ్ చేయకున్నచో కంప్యూటరు దానిని ఖాళీ డిస్కుగా చూపవచ్చును. వ్రాసిన యంత్రములోనే ఆ పని పూర్తి చేయించవలెను. ఫైలు పేరును తెలుగులోనో ఉర్దూలోనో పెట్టినచో కొన్ని పాత ప్రోగ్రాములు చదువలేవు. ఈ రెండు భాషల కళాశాలలో నున్న మాకు ఇది చిన్నతనముగా తోచినను, పని ముగియువరకు ఇంగ్లీషు అక్షరములే వాడితిమి. అంగడిలో కొన్న సినిమా డిస్కుల సంగతి వేరు, వానికి తాళముండును. మా మాట ఇంటి డిస్కులకే.

డిస్కును తెరచినచో వీడియో టీఎస్ అను ఫోల్డరు కనబడును. అందులోని వీఓబీ ఫైళ్లలో దృశ్యము, శబ్దము కలసి యుండును. ఐఎఫ్‌ఓ ఫైళ్లు విషయసూచిక వంటివి. బీయూపీ ఫైళ్లు ఆ సూచికకు మారు ప్రతులు. ఒక్కొక్క వీఓబీ 1 జీబీకి మించకుండ తెగగొట్టబడును. ఆ తెగుట సన్నివేశమును బట్టి కాదు, పరిమాణమును బట్టి. ఇది తెలియక పలువురు ముక్కలను విడివిడిగా మార్పిడికి ఇచ్చి, అతుకుల వద్ద మాట తెగినదని వాపోవుదురు. ఫోల్డరునంతటిని ఒకేసారి తెరువవలెను.

డిస్కునుండి సూటిగా మార్చునపుడు ప్రోగ్రాము చదువుట, మార్చుట అను రెండు పనులను ఒక్కమారే చేయుచుండును. చదువరాని చోట డ్రైవు పదే పదే ప్రయత్నించుచు జాగు చేయును. బదులు రాక ప్రోగ్రాము నిలిచిపోవును. ఈ రెండు పనులను విడదీయుటయే మందు. మొదట డిస్కు మొత్తమును ఐఎస్‌ఓ అను ఒకే ఫైలుగా హార్డ్ డిస్కులోనికి దింపుకొని, ఆపై దానినుండి మార్చవలెను. ఒంటి పొర డిస్కునకు 4.7 జీబీ, రెండు పొరల దానికి 8.5 జీబీ చోటు ముందే ఖాళీ యుంచుకొనవలెను. గీతలు పడిన డిస్కునకు మామూలు కాపీ చాలదు. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అను ఉచిత ప్రోగ్రాము చెడిన చోట్లను దాటి, బాగున్నవానిని ముందు తీసికొని, పిదప మిగిలినవానికై తిరిగి వచ్చును. ఏది వచ్చినదో, ఏది రాలేదో వేరొక ఫైలులో గుర్తుంచుకొనును గనుక కరెంటు పోయినను పని మొదటికి రాదు. డిస్కును తుడిచి, లేదా వేరొక డ్రైవులో పెట్టి కొనసాగింపవచ్చును. తుడుచునపుడు మెత్తని గుడ్డతో నడుమనుండి అంచువైపు సూటిగా తుడువవలెను. గుండ్రముగా తుడువరాదు, డేటా దారి వెంట పడిన గీత అడ్డుగీతకన్న చేటు.

మా డిస్కునకు ఒక రాత్రి పట్టినది. మొదటి డ్రైవులో రాని భాగము చాలవరకు రెండవ డ్రైవులో వచ్చినది. ఐఎస్‌ఓ నుండి మార్పిడి 62ను దాటి ముగిసినది. గజల్ నడుమ కొన్ని క్షణములు బొమ్మ గళ్లు గళ్లుగా చెదరినది. గొంతు మాత్రము తెగలేదు. మార్పిడిలో బొమ్మ నాణ్యత కొంత తగ్గును గనుక, వారి కుటుంబమునకు ఎంపీ4తో పాటు ఐఎస్‌ఓ ప్రతిని కూడ ఇచ్చితిమి.