మేకు మారిన పటములు

షార్జాలో నివసించుచున్న మా మేనకోడలి యింట అక్కడి చలికాలమున మూడు వారములుంటిని. మన మారిషస్ చెరకు తోటల నడుమ పెరిగిన పిల్ల, గోదావరి జిల్లా వరుని పెండ్లాడి, అరబ్బు దేశమున పదునొకండవ అంతస్తులో కాపురము చేయుచున్నది. ఆ యింటి గోడలను గూర్చి మన పాఠకులకు చెప్పదగిన సంగతి యొకటి కలదు.

పెండ్లినాడు మా అక్క ఆమెకొక కలంకారీ వస్త్రమిచ్చినది. తిరుపతి యాత్రకు పోయినపుడు శ్రీకాళహస్తిలో కొన్న పట్టాభిషేకమది. అక్క ఇప్పుడు లేదు. పిల్ల ఆ వస్త్రమును చట్రములో బిగించి, ముందుగదిలో పడమటి కిటికీ కెదురుగా తగిలించి, ఆరేండ్లు కదల్పలేదు. ఇల్లు మారుటకై నేనున్నపుడే దానిని దింపిరి. చట్రము క్రింద దాగిన వ్రేలెడంచున పసుపు పసుపుగనే యున్నది. తక్కినచోట రాముని పీతాంబరము ఉత్తగుడ్డ రంగునకు తిరిగినది. "మామయ్యా, అమ్మ ఇచ్చినదాన్ని నేనే ఎండకిచ్చేశాను" అని పిల్ల కన్నీరు పెట్టుకొన్నది.

దోషము బొమ్మ వ్రాసినవానిది కాదు. కాళహస్తి పనివారు కరక్కాయయు పాలును కలిపిన రసమున నూలుగుడ్డను నానబెట్టి, వెదురు కలముతో వ్రాయుదురు. ఇనుప ముక్కలను బెల్లపు నీట ఊరవేసిన కసిమి నలుపునిచ్చును. పటిక ఎరుపును పట్టి నిలుపును. నీలిమందు నీలమును, కరక పువ్వు పసుపును ఇచ్చును. వీనిలో వెలుతురునకు ముందుగా ఓడునది పసుపే. వేసవిలో 45 డిగ్రీలు దాటు దేశమున పడమటి గాజు గుండ వచ్చు ఎండ ఎట్టిదో చెప్పనేల? పోయిన రంగు మరల రాదు.

నాకు తోచిన మాట యిది. మన బొమ్మలు ఒకే మేకునకు తరతరములు వ్రేలాడుటకు పుట్టినవి కావు. తెలంగాణములోని చేర్యాల పటమును చూడుడు. చింతగింజల అంబలియు సుద్దయు పూసిన గుడ్డపై నకాషీ వారు కులపురాణమును వ్రాయగా, కథకుడు ఊరి నడుమ ఘట్టము వెంట ఘట్టము విప్పి చూపి, కథ ముగియగనే చుట్టి దాచుకొనెడివాడు. బొమ్మకును విశ్రాంతి యుండెడిది. చట్రమును మేకును వచ్చి దానిని తీసివేసినవి.

అక్కడి మనవారు పెక్కురు అద్దె యిండ్లవారు. ఖాళీ చేయునపుడు మేకు రంధ్రములు పూడ్చి రంగు వేయించి యీయవలెను. లేనిచో ధరావతు సొమ్మున కోత పడును. ఇది పీడయని మొదట తలచితిని. పిదప మేలేయని తోచినది. క్రొత్త యింట మూడే మేకులు కొట్టించితిమి. కిటికీ లేని నడవలోనిది కలంకారికి. నాలుగు నెలలు అది యుండును. పిదప దానిపై ఉతికిన మెత్తని నూలుగుడ్డ పరచి, బొమ్మ వెలుపలికి వచ్చునట్లు లావు గొట్టమునకు చుట్టి బీరువాలో నుంచెదరు. మడత పెట్టరాదు, మడతల వెంట గుడ్డ చిట్లును. ఆ మేకునకు అప్పుడు చేర్యాల పటము, అటుపై పిల్లవాడు గీసిన ఓడ బొమ్మలు.

వేసవి సెలవులకు ఏసీ ఆపి స్వదేశము పోయినవారు తిరిగి వచ్చుసరికి, ఆ తీరపు తడిగాలికి పటముల వెనుక బూజు పట్టి యుండుటయు కలదు. తుపాను నెలలలో మన యిండ్ల పటములు చూచినవారికి దీనిని వివరింపనక్కరలేదు. చట్రము నాలుగు మూలల వెనుక బెండు ముక్కలు అంటించి, గోడకును పటమునకును నడుమ గాలి యాడునట్లు చేసితిమి.

పూజగూటి వద్ద మాత్రము చిక్కు వచ్చినది. దీపపు మసి తగులకుండ పటములను జానెడు వెనుకకు జరుపుదమంటిని. అల్లుని తల్లిగారు ఒప్పలేదు. బర్ దుబాయి శివాలయమే 2024 జనవరిలో జెబెల్ అలీకి తరలినది గదా యంటిని. ఆమె నవ్వి, "గుడివాళ్ళు శాస్త్రం చూసి కదుపుతారు అన్నయ్యగారూ, మీరు మసి చూసి కదుపుతున్నారు" అనిరి. శుక్రవారము ఉదయము స్నానము చేసి, ఆమెయే జరిపిరి.

మొన్న మేనకోడలు ఛాయాచిత్రము పంపినది. విశ్రాంతి తీరిన కలంకారి మరల నడవలోనికి వచ్చినది. అంచు కప్పబడకుండ ఈసారి చట్రము మాన్పించినది. రాముని వస్త్రము తెల్లగా నున్నదేమని పిల్లవాడడిగెనట. అంచు చూపి, అమ్మమ్మ కొన్ననాటి పసుపు ఇదిరా అని చెప్పినదట.